గౌరమ్మ బావిమడి

కోర్పనా దాపున ఉన్న ఆ ఊళ్లో కూరగాయలు పండించడం గౌరమ్మ ఒక్కతికే తెలుసు. తక్కిన వాళ్లకు తినడం తెలుసు. మొగుడు పోయాక పటేలు అనంతరావు బావి పక్క అరెకరం మడిని పాలుకు చేస్తూ, చలికాలమంతా వంకాయ, మెంతికూర, గోబీగడ్డ పండించి ఇద్దరు ఆడపిల్లలను సాకిందామె.

తమ రాజురా తాలూకాను మరాఠీ వాళ్ల చాందా జిల్లాలో కలిపిన ఏడు పటేలుకు ఉన్నట్టుండి వ్యవసాయం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నాగలి ఏ చేత్తో పట్టాలో ఎరుగని మనిషి. కొత్త సర్కారు సార్ల కంట్లో పడాలని బావిమడిని సర్కారు నమూనా తోటకు రాసిచ్చాడు. ఆ ఏటికి గౌరమ్మ కూలికి పోయింది. తోట నెగ్గిందా, మడి ఇక ఎప్పటికీ రాదు.

ఏది ఎప్పుడు నాటాలో సర్కారు రాసి పంపిన మరాఠీ కాగితం చేతపట్టుకుని వినాయక చవితికే నారు పోయించాడు పటేలు.

"వానలింక పోలే పటేలా. బతుకమ్మలు నీళ్లల్ల పడ్డంక పొయ్యాలె గోబీ నారు. గిప్పుడు పోస్తే కుళ్లుతది," అంది గౌరమ్మ.

"పెద్ద పెద్ద సార్లు రాసిండ్రు. నీకెక్కువ ఎరుకనా?"

"మన వాన కాగితం చదవది పటేలా."

నారు కుళ్లింది. పుష్యమాసంలో తోట చూడడానికి వ్యవసాయ శాఖ సారు వస్తున్నాడని కబురొచ్చేసరికి మడిలో తుంగ తప్ప ఏమీ లేదు. పటేలు బల్లార్‌పూర్ బజారు నుంచి బండెడు గోబీగడ్డలు తెప్పించి వరుసగా మట్టిలో పాతించాడు. పాతే కూలీల్లో గౌరమ్మనూ పెట్టాడు, సిగ్గు లేని మనిషి. ఆమె వంగి పాతింది. సారు ముందు ఒక్క గడ్డ ఎత్తితే చాలు, మడి తిరిగొస్తుందని ఆమె ఆశ.

సారు జీపు దిగాడు. ఊరంతా చూస్తుండగా గౌరమ్మ వరుసలోకి నడిచి రెండు వేళ్లతో ఒక గడ్డను పైకి తీసింది. దీనికి వేరు లేదని, ఇవన్నీ బజారులో కొన్నవని తనకొచ్చిన సంత మరాఠీలోనే చెప్పింది.

పటేలు మొహం మాడిపోయింది. సారు గడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. తన నమూనా తోట చెడిందని పైవాళ్లకు రాసే దమ్ము ఆయనకెక్కడిది?

"చాన్ ఆహే," బాగుందన్నాడు. పుస్తకంలో పంట ఉత్తమమని రాసుకుని, ఇంకో నాలుగు పీకి జీపులో వేయమని గౌరమ్మకే పురమాయించాడు.

ఆమె పీకింది, జీపులో సర్దింది. వాళ్లిద్దరినీ తిట్టడానికి నోరు రాలేదు. వాళ్లకు బుద్ధి ఎన్నడుందని? నలుగురిలో నిజం చెబితే మడి నిలుస్తుందని నమ్మిన తన మీదే ఆమెకు అసహ్యం వేసింది.

"నలబై ఏండ్లొచ్చినయి, ఇంక గింత పిచ్చిదాన్నా," అనుకుంటూ చేతికంటిన మట్టి దులుపుకుంది.