పూజ చేసిన రైఫిల్

ఆ ముసలావిడకి అది ఆఖరి వేట అని మా వీధిలో నాకొక్కదానికే తెలుసు. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీలో మాకు ఎదురిల్లు ఆవిడది. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. 2009 వేసవిలో ఆవిడను ఆసుపత్రికి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. క్యాన్సర్ కాలేయానికి పాకిందనీ, వచ్చే వేసవి దాకా ఉండడం కష్టమనీ డాక్టరు నా ఎదుటే చెప్పేశాడు. తిరిగొస్తూ కారులో ఆవిడ ఏడవలేదు. "నవంబర్‌లో వేట సీజన్ దాకా ఉంటాను కదా? ఒక్క జింక చాలు, మా ఆయన రైఫిల్‌తో. ఆ తర్వాత ఏమైనా ఫరవాలేదు" అంది. నాకు ఒళ్లు మండింది. చావు ముంచుకొస్తుంటే జింకేమిటి, నా మొహం!

నాకు అప్పట్లో తుపాకీ సంగతులేమీ తెలియవు. మా ఆయన ఉద్యోగాన్ని బట్టి భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నదాన్ని. "దాన్ని వేలితో కూడా ముట్టుకోకు, ఇమ్మిగ్రేషన్‌వాళ్లతో లేనిపోని తలనొప్పి" అని మా ఆయన గట్టిగా చెప్పాడు. ఉద్యోగం చేసే వీల్లేదు, ఇంట్లో ఎంతసేపని గోడలకేసి చూస్తాను? ఆవిడ వంటగదే నాకు దిక్కైంది. అక్కడ కాఫీ తాగుతూ వినీ వినీ కొంత నేర్చుకున్నాను. ఆవిడ తూటాలు ఎప్పుడూ ఒకే రకం కొనేది. చవగ్గా వస్తున్నాయని వేరేవి కొనమంటే తిట్టినంత పని చేసేది. తేమ తగిలిన తూటాని నమ్మేది కాదు. "పేలకపోతే జింక బతికిపోతుంది, నాకు పోయేదేమీ లేదు. నీరసంగా పేలితేనే పాపం. దెబ్బ తిని, చావలేక, ఏ పొదలోనో పడి ఉంటుంది" అనేది. అందుకే ప్రతి ఏడూ సీజన్‌కి ముందు, గురి సాధన చేసే రేంజ్‌లో కాల్చి చూసుకోనిదే అడవిలో అడుగు పెట్టేది కాదు.

ఆ ఏడు మా అత్తగారు మాతో ఆర్నెల్లు ఉందామని వచ్చారు. ఊరికే కూర్చునే మనిషి కాదు. దసరాకి ఆయుధపూజ అని కారుకి, మిక్సీకి, కొడుకు ల్యాప్‌టాప్‌కి, ఆఖరికి వాక్యూమ్ క్లీనర్‌కి కూడా బొట్లు పెట్టేశారు.

"ఆ దొరసానిగారింట్లో తుపాకీ ఉందన్నావు కదుటే? అసలు ఆయుధాన్ని వదిలేసి ఈ చీపురు మిషన్‌కి పూజేమిటి, మన తెలివి తెల్లారినట్టే ఉంది! పద" అన్నారు.

"అత్తయ్యా, వాళ్లకి ఇవన్నీ తెలియవు, బాగుండదు" అన్నాను. వింటేనా! పళ్లెంలో పసుపు, కుంకుమ, అగరొత్తులు, గోరువెచ్చగా కాచిన కొబ్బరినూనె పెట్టుకుని చెప్పులేసుకునేశారు.

ముసలావిడ ఎంత సంబరపడిందో చెప్పలేను. "నా రైఫిల్‌కి బ్లెస్సింగా? కమిన్, కమిన్!" అంటూ లోపలికి లాక్కెళ్లింది. తూటాలేమీ లేవని చూపించి, తలుపు గడియలా ముందుకీ వెనక్కీ కదిలే బోల్ట్‌ని ఊడదీసి, రైఫిల్ పక్కనే బల్ల మీద పెట్టింది. తూటా వెనక పొడిచి దాన్ని పేల్చే పిన్ను ఆ బోల్ట్ లోపలే ఉంటుంది. అత్తగారు రైఫిల్‌కి బొట్టు పెట్టి, హారతిచ్చి, బోల్ట్‌కి ఉన్న కన్నంలో కుట్టుమిషన్‌కి పోసినట్టు కొబ్బరినూనె పోశారు.

"చాలు, చాలు!" అన్నాను.

"నువ్వుండవే. యంత్రానికి నూనే ప్రాణం" అన్నారు.

మర్నాడు వెళ్లేసరికి ఆవిడ పైన జిడ్డంతా తుడిచేసింది. లోపల కూడా విప్పి తుడవవా అని అడిగాను. ఎప్పుడూ పొడిగుడ్డతో ఆఖరి చుక్క దాకా తుడిచే మనిషి, ఆ రోజు మాత్రం తల అడ్డంగా ఊపింది. "లోపలిది ఉండనీ. ఈ ఏడు ఎంత బ్లెస్సింగ్ దొరికితే అంతా కావాలి నాకు" అంది.

ఆ వారంలోనే రేంజ్‌కి తీసుకెళ్లాను. దసరా తొందరగా వచ్చిందేమో, ఎండ ఇంకా చుర్రుమంటోంది. పెట్టిన ప్రతి తూటా పేలింది, అట్ట మీద చిల్లులన్నీ ఒక్కచోటే పడ్డాయి. "మీ అత్తగారి చలవ" అని ఆవిడ నా భుజం తట్టింది. నేనూ నమ్మాను.

నవంబర్‌లో సీజన్ మొదలైన రోజు తెల్లారకముందే బయల్దేరాం. ఊరికి పడమట ఆవిడ తమ్ముడి పొలం ఉంది. చలి ఎముకలు కొరికేస్తోంది, గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. వేరే వేటగాళ్లు జింకలనుకోకుండా ఇద్దరం ఆరెంజ్ జాకెట్లు వేసుకున్నాం. నేను మడతకుర్చీ మోశాను, ఆవిడ రైఫిల్ మోసుకుంటూ నాలుగడుగులకోసారి ఆగింది. అప్పటికే సగమైపోయింది మనిషి. పొలం అంచున కూర్చున్నాం. వెలుతురొచ్చిన కాసేపటికి జింక వచ్చింది. పెద్ద కొమ్ములది. మా ఎదురుగా, దగ్గరలోనే, పక్కకి తిరిగి నిలబడింది. ఆవిడ రైఫిల్‌ని భుజానికి ఆనించి గురి చూసింది. ట్రిగ్గర్ నొక్కింది.

టక్.

అంతే. పేలలేదు. ఆలస్యంగా పేలొచ్చని ఆవిడ రైఫిల్‌ని అలాగే పట్టుకుని ఆగింది. జింక ఇంకా మేస్తూనే ఉంది. మెల్లగా బోల్ట్ లాగి ఇంకో తూటా ఎక్కించింది. మళ్లీ టక్. ఈసారి జింక తలెత్తి మమ్మల్ని చూసి, ఒక్క గెంతులో చెట్లలోకి వెళ్లిపోయింది. ఆవిడ పేలని తూటాని అరచేతిలో పెట్టుకుని దాని వెనక చూసింది. పిన్ను గట్టిగా పొడవాల్సిన చోట చిన్న నొక్కు, అంతే. "తూటాల తప్పు కాదు" అంది.

తమ్ముడి కొట్టంలో కూర్చుని బోల్ట్ విప్పింది. పిన్ను చుట్టూ, స్ప్రింగు నిండా తెల్లగా మైనంలా గడ్డకట్టి ఉంది. చలికాలం మా బాత్రూమ్‌లో సీసాలోంచి పుల్లతో గీకి తీసే కొబ్బరినూనె, నాకు తెలియదూ? ఎండలో కరిగి ఉన్నన్నాళ్లూ బానే పనిచేసింది, చలికి బిగుసుకుని పిన్నుని పట్టేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా పూజారి మా అత్తగారే అయ్యారు. ఆ తెల్లటిది కొబ్బరినూనేనని ముసలావిడకి చెప్పేశాను. ఆవిడ నవ్వబోయి, నవ్వలేక, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఆసుపత్రి నుంచి వస్తూ కారులో కూడా ఏడవని మనిషి. దేవుడంటే నాకు ఆ రోజు పట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

"మీ అత్తగారికి చెప్పకు" అంది చివరికి.

బోల్ట్ శుభ్రంగా తుడిచి, వచ్చే శనివారం మళ్లీ వెళ్దామనుకున్నాం. గోరుచుట్టు మీద రోకటి పోటులా శుక్రవారం ఆవిడకి జ్వరమొచ్చింది. ఆసుపత్రిలోంచి బయటికొచ్చేసరికి సీజన్ అయిపోయింది. మంచం దిగి నిలబడే ఓపిక కూడా పోయింది.

అత్తగారు ఇండియా వెళ్లేముందు చూడ్డానికి వస్తానంటే, వట్టి జ్వరమనే చెప్పి తీసుకెళ్లాను. మంచం పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి నిమురుతూ, "జింక పడిందా అని అడుగు" అన్నారు నన్ను. నేను అడక్కముందే ముసలావిడకి అర్థమైంది. "జింక రాలేదని చెప్పు" అంది. చెప్పాను.

"అయ్యో, పోనీలే, పూజ ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడు తప్పకుండా పడుతుంది. అప్పటికి నేనుండను, దసరాకి నువ్వే చెయ్యి. నూనె మాత్రం మర్చిపోకే" అన్నారు అత్తగారు.

"ఏమంటోంది?" అని ఆవిడ నావైపు చూసింది.

"వచ్చే ఏడు పడుతుందంటున్నారు" అన్నాను.

ఆవిడ అత్తగారి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "థాంక్యూ అని చెప్పు. వచ్చే ఏడు అని చెప్పు" అంది.