కడుపు కడిగిన నీళ్ళు

మొన్న మా చెల్లెలి కూతురు నా పక్కన కూర్చొని, తన రక్తపరీక్ష ఫలితాన్ని డాక్టరుకన్నా ముందే సెల్‌ఫోనులో చదువుకుంటుంటే, ఇరవైయేళ్ళ కిందట నేను చెప్పలేకపోయిన ఒక ఫలితం గుర్తొచ్చింది. మన వయసువాళ్ళకు తెలుసు, అప్పట్లో రిపోర్టంటే డాక్టరు విప్పితే తప్ప మనం విప్పని కవరు.

నేనప్పుడు బెంగుళూరులో ఒక క్యాన్సర్ పరిశోధనశాలలో కొత్తగా చేరాను. నలుగురిలో నోరు పెగలక, అనుకున్నదంతా డైరీలో రాసుకునేదాన్ని. కడుపులో గడ్డ తీసేటప్పుడు లోపల ఉప్పునీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళను మాకు పంపేవారు. మైక్రోస్కోపుకు చిక్కకుండా కడుపులో చెదిరిపోయిన క్యాన్సర్ కణాల జన్యువుల ఆనవాలు ఆ నీళ్ళలో దొరుకుతుందేమో చూడడం మా పని. పరీక్ష ఇంకా రుజువు కాలేదు కనుక ఫలితం ఎవరికీ చెప్పకూడదు. సీసా మీద పేరుండదు, అంకె, తేదీ మాత్రమే.

ఒక తేదీన ఆపరేషన్ అయింది ఒక్కరికే, గుమ్మఘట్ట దగ్గరి మా పెద్దనాయనకు. మైక్రోస్కోపులో నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని, ఇక మందులక్కరలేదని ఇంటికి పంపినారు. ఆ తర్వాత ఆ తేదీ సీసాలో, నా పరీక్షకు ఆనవాలు కనబడింది. మళ్ళీ చేసినా కనబడింది. ధైర్యం చేసి మా పెద్దసారును అడిగితే, అది నిజమో కాదో, నిజమైనా మందు పెడితే మేలో కీడో తనకూ తెలియదన్నారు.

ఆదివారం ఊరికి పోయినాను. ఐదు బోర్లు వేయించి ఐదింటిలోనూ దుమ్మే చూసిన పెద్దనాయన, వసారాలో దిండుకు ఆనుకొని గంజి తాగుతున్నాడు.

"ఏమ్మా, నా కడుపు నీళ్ళలో ఏమన్నా పడినాదా?"

"పడలేదన్నారు కదా, పెద్దనాయనా."

"వింటివా," అని పెద్దమ్మ వైపు తిరిగినాడు. "పడలేదంటే సంతోషపడే దినం కూడా వచ్చె మనకు."

"చాల్లే, నవ్వొద్దు. కుట్లు తెగుతాయి," అంది పెద్దమ్మ, తనే నవ్వుతూ.

నేనూ నవ్వినాను. వాన పడగానే ఆయన చేనిలో చెనిక్కాయ, అదే వేరుశెనగ, విత్తినాడు. పంట ఇంటికి రాకముందే కడుపు నీరు పట్టి ఉబ్బింది. ఆ పంట పీకించింది పెద్దమ్మే.

ఇప్పుడు అడిగినవాళ్ళకు అన్నీ చెబుతున్నారు. నేనూ వందమంది ముందు నిలబడి పాఠం చెబుతున్నాను. ముందే తెలిసి ఉంటే మందు పెట్టించుకొని ఇంకో పంట చూసేవాడో, లేక విత్తిన సంతోషం కూడా లేకుండా పోయేవాడో తెలియదు. పెద్దమ్మ మాత్రం నేను పోయినప్పుడల్లా అడుగుతుంది, నీళ్ళు శుభ్రంగానే ఉండె కదమ్మా, మరి ఆ జబ్బు మళ్ళా యాడనుంచి వచ్చె అని. తెలియదు పెద్దమ్మా అంటాను.