ఎత్తిన చేతుల ఫొటో

కనుమకి ఇంకా రెండు మలుపులున్నాయనగా లారీ ఆగిపోయింది. ముందు కొండని పేలుస్తున్నారు, గంట పడుతుందన్నాడు డ్రైవరు. అప్పుడు నా వైపు తలుపు తట్టింది జూరాకాన్. యాభై దాటిన మనిషి. ఒంటిమీద మగవాళ్ల కోటు, కాళ్లకి రబ్బరు బూట్లు, చంకలో ప్లాస్టిక్ సంచి.

"తెల్లగడ్డం పెద్దాయనా, రష్యన్ చదవడం వచ్చా?"

"వచ్చు."

"అయితే దిగు. ఇందులో నేనేమన్నానో చదివి చెప్పు."

దిగాను. సంచిలో ఈ కొత్త రోడ్డు గురించి తయారైన నివేదిక ఉంది, మూడువందల పేజీలు. మంచుచిరుతకి రెండు అధ్యాయాలు, అడవిమేకకి ఒకటి. నలభై ఒకటో పేజీలో ఫొటో: గుడారం ముందు పాతికమంది, అందరి చేతులూ పైకి. ముందు వరుసలో ఈవిడే. కింద రాసి ఉన్నది చదివాను: 'సరిహద్దు రహదారికి లోయవాసుల ఏకగ్రీవ ఆమోదం.'

"అదే అనుకున్నా," అని బండరాయి మీద కూలబడింది. "ఆ తలగుడ్డ నా చిన్నకూతురిది. ఆ చేతులూ నావే. కానీ ఆమోదం ఎప్పుడిచ్చానో నాకే తెలీదు."

జరిగిందిదీ. కనుమ దాటి సరిహద్దు అవతల తాజిక్కుల వైపు పోయే ఈ రోడ్డుకి అప్పిచ్చే బ్యాంకుకి ఓ నియమం ఉంది: లోయ జనాన్ని అడగకుండా డబ్బు కదలదు. అందుకని కిందటి ఆకురాలు కాలంలో అధికారులు వచ్చారు, గొర్రెని కోయించి అందరికీ పెట్టారు. తినడం అయిపోతుండగా ఒకాయన లేచి, రోడ్డు మీకు సమ్మతమేనా అన్నాడు. సరిగ్గా అప్పుడే ముసలి మామాషరీప్ ఎముక పక్కన పెట్టి, తిన్నాక చెప్పే దీవెనకి అరచేతులు తెరిచాడు. ఆయనకి చెముడు. పెద్దాయన చేతులు తెరిచాక ఇంకెవరి చేతులు ఊరుకుంటాయి? అందరూ ఎత్తారు. ఆయన దీవించాడు, వీళ్లు ఆమీన్ అని మొహం తుడుచుకుని లేచారు. ఈ మధ్యలో ఎవరో కెమెరా నొక్కారు.

"వాళ్ల గొర్రె తిని దీవించకుండా లేస్తామా, నువ్వే చెప్పు!"

ఈ కనుమ మీదుగా పోయిన బిడారుల గురించి చాలా పుస్తకాలు చదివాను. ఎన్ని పట్టు మూటలు, ఎన్ని గుర్రాలు, ఎవరికెంత సుంకం, అన్నీ ఉంటాయి. ఆ గుర్రాలు ఎవరి నీళ్లు తాగాయో ఒక్కడూ రాయలేదు. ఈ నివేదిక నయం, రాసింది. జూరాకాన్ ఊట గురించి ఒక వాక్యం: 'వేసవిలో మాత్రమే కనిపించే చిన్న చెమ్మ.' చదివి వినిపిస్తే ఆవిడకి నవ్వొచ్చింది.

"నడి చలికాలంలో కూడా గడ్డకట్టదు. నా నలభై జడలబర్రెలూ అక్కడే తాగుతాయి. ఊటని కొలిచినవాళ్లు వేసవిలో వచ్చారు, వేసవిలోనే చూశారు."

కొత్త మలుపు ఆ ఊట మీదుగానే పోతుంది. పైనుంచి తోసిన రాళ్లతో వాగు ఇప్పటికే మజ్జిగలా తెల్లబడింది.

"రోడ్డు వద్దా నీకు?" అన్నాను.

"వద్దని ఎప్పుడన్నాను? కోడలి కాన్పుకి పాత దారిన ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిది గంటలు, ఈ రోడ్డైతే మూడే. రోడ్డు కావాలి. ఊటా కావాలి. రెండూ కావాలనే గడి ఆ కాగితంలో ఉందా? నువ్వు చదువుకున్నవాడివి కదా!"

లేదు. అభ్యంతరాలకి ఆ రోజే ఆఖరని మాత్రం చివరి పేజీలో ఉంది. ఇద్దరం కలిసి రోడ్డు పనివాళ్ల శిబిరంలోని రేకుల గదికి నడిచాం. అక్కడ అభ్యంతరాలు రాసుకునే నూర్జాదా అనే అమ్మాయి ఉంది, పట్నం పిల్ల. ఆ ఫొటో తీసింది తనేనని ముందే చెప్పేసి, ఓ కాగితం జరిపింది.

"అక్కా, ఆ రోజు ఎత్తిన చేతులు లెక్కలోకి రావని రాసి సంతకం పెట్టు. ఊటని తప్పించి అవతలి ఒడ్డుకి వంతెన వెయ్యొచ్చేమో బ్యాంకు మళ్లీ చూస్తుంది. లేదంటే సోమవారం ఊట మీద మట్టి పోస్తారు."

జూరాకాన్ కలం తీసుకుంది. మళ్లీ పెట్టేసింది.

"ఆమీన్ అన్నాను కదే, అమ్మాయ్. అది లెక్కలోకి రాదని ఎలా రాయను? పుట్టబోయే బిడ్డల్ని కూడా దీవించాడు మామాషరీప్. నెల తిరక్కుండా నాకు మనవడు పుట్టాడు. ఇప్పుడు వాడి దీవెన కూడా కొట్టెయ్యాలా?"

"దీవెన వేరు, రోడ్డు వేరు," అన్నాను నేను.

"చేతులు అవే కదా, పెద్దాయనా."

నూర్జాదా మూడు గిన్నెల్లో టీ పోసి రొట్టె తుంచింది. తాగడం అయ్యాక శిబిరం వంటాయన ఒరోజ్మత్ గిన్నెలు తీయడానికి వచ్చి, అలవాటు కొద్దీ అరచేతులు తెరిచాడు. నా చేతులు వాటంతటవే లేచాయి. నూర్జాదావీ లేచాయి.

జూరాకాన్ మాత్రం చేతులు పైకెత్తలేదు. వాటిని మెల్లగా కోటు చేతుల్లోకి లాక్కుంది, వేళ్లు కూడా కనపడకుండా. ఒరోజ్మత్ ఆవిడ కోసం ఆగాడు. దీవెన అతని నోట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా ఈ లోయకి వచ్చిపోతున్నా, ఎవరూ అలా కూర్చోవడం నేను చూడలేదు.

"అక్కా," అంది నూర్జాదా, ఎత్తిన చేతులు దించకుండానే. "కాదనడమా ఇది? అలా రాసుకోనా?"

జూరాకాన్ లేచింది. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. నివేదిక సంచి బల్ల మీదే ఉంది. కోటు చేతులు ఖాళీగా ఊగుతుండగా, మజ్జిగరంగు వాగు వెంట ఊటకేసి నడిచిపోయింది.