మామయ్యతో ఆగనిది

మా మామయ్య పోయాడు. మా అమ్మకు ఒక్కగానొక్క అన్న. పొద్దున టీ తాగి, గోడకు ఒరిగి, అలాగే వెళ్లిపోయాడు. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో అందరూ మంచి చావన్నారు. చావు మంచిదే కావచ్చు. బతుకు చేసిన అన్యాయం తెలిశాక పోయాడే, అదే నేను ఓర్చుకోలేకపోతున్నాను.

రైల్వే వర్క్‌షాపులో చేరిన కొత్తలోనే ఆయనకు చూపు పోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఎదురుగా ఉన్నది చెరిగిపోయి, పక్కనున్నది మాత్రం లీలగా కనిపించేది. క్యాంటీన్‌లో తేలిక పని ఇచ్చారు. చిన్నప్పుడు నన్ను ఇందా బజారుకు వెంటబెట్టుకుని వెళ్లి, మేం దాదా అని పిలిచే కూరలాయనతో బెంగాలీలో, "చూసే పని నీది, తినే పని నాది. పుచ్చు వంకాయ వేశావో, ఆ పాపం నీదే" అనేవాడు. దాదా నవ్వుతూ ఏరి మరీ వేసేవాడు.

మా అమ్మమ్మా తాతయ్యలది మేనరికం. చూపు పోయింది అందుకేనని పెద్దలు తేల్చేశారు. మామయ్యకు చిన్నప్పుడే మేనత్త కూతుర్ని అనుకున్నారు. చూపు పోయినా ఆవిడ చేసుకుంటానంది. ఆయనే వద్దన్నాడు. ఆవిడ్నే కాదు, ఎవర్నీ చేసుకోలేదు. "ఈ పీడ నాతోనే ఆగిపోవాల" అనేవాడు. పట్టుబట్టి అమ్మకు బయటి సంబంధం చేయించాడు. నాకూ అంతే.

నిరుడు మా అబ్బాయికి కాలేజీలో బోర్డు మసకబారింది. కలకత్తాలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి చెప్పింది. మన కణాల్లో మైటోకాండ్రియా అనేవి ఉంటాయట, తిన్నదాన్ని శక్తిగా మార్చేవి. అక్కడ పనిచేసే ఒక ఎంజైములో ఓ భాగాన్ని తయారుచేసే జన్యువులో తప్పుందట. అది తల్లి నుంచే వస్తుంది, తండ్రి నుంచి రాదు. మేనరికంతో దానికి సంబంధమే లేదు. నేను మొక్కని దేవుడు లేడు, చూపించని డాక్టరు లేడు. వాడి చూపు తిరిగి రాలేదు.

మామయ్యకు చెప్పాను.

"అయితే నాకు పిల్లలు పుట్టినా ఆళ్లకి వచ్చీది కాదేటి?"

"రాదంట మామయ్యా."

"మరి మీయమ్మకీ నీకూ ఏటీ నేదు గదే?"

"మాకు బయటపడనేదంట. మా కడుపున పుట్టినోళ్లకి ఇచ్చినామంట."

"నన్ను సేసుకుంటానన్న ఆ పిల్ల ఉసురు ఊరికే పోసుకున్నాను" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. తర్వాత మా వాడిని దగ్గరకు లాక్కున్నాడు. "నువ్వు నాలాగ ఒంటిగా ఉండిపోకురా. పెళ్లి సేసుకో. నీ పిల్లలకి రాదు." కుమిలిపోతూ కూడా వాడికి ఆ మాట చెప్పాడు. ఏ జన్మకీ ఆయన రుణం తీర్చుకోలేను.

కొడుకులు లేరు కనుక కొరివి మా అబ్బాయే పెట్టాడు. మాలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. నేను వెళ్లాను. పంతులుగారు ఏదో అనబోయి, వాడి మొహం చూసి పక్కకు తప్పుకున్నారు.

"అమ్మా, తాతయ్య తల ఎటుంది?" అని అడిగాడు వాడు.

మణికట్టు పట్టుకుని కొరివిని అటు నడిపించాను. పొగ మా ఇద్దరి మీదకీ తిరిగింది.

"వదలకమ్మా" అన్నాడు.

వదల్లేదు. నా వేళ్ల కింద వాడి నాడి కొట్టుకుంటోంది. ఆ నెత్తురు నేనిచ్చిందే.