మూడు పడవల లైసెన్సులు

మొన్న మా రేవులో పడవల లైసెన్సులు తిరగరాయించుకోవాలని మత్స్యశాఖవాళ్లు కబురు పెడితే, మా వీధి చివర ఉండే అమ్మాయి, భర్త పోయాక తానే మరపడవ నడిపించుకుంటున్నది, కాగితాలన్నీ సంచిలో వేసుకుని నా దగ్గరకు వచ్చింది. "కువైట్‌లో మీరు ఈ పనే చేశారంట కదా బాబాయ్, కాస్త చూసి పెట్టండి" అని అరుగు మీద కూర్చుంది. పడవ పొడుగు, ఇంజను బలం, వల కన్ను కొలత, రుసుము కట్టిన రసీదు అంటూ ఒక్కొక్కటే చదివి చెబుతుంటే నా గొంతు నాకే ఎప్పటిదో పాత గొంతులా వినిపించింది. ఆ అమ్మాయి వెళ్లిపోయాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

మాది వేట మీద బతికే ఇల్లు. అటువంటి ఇంట్లో పుట్టి, పడవెక్కితే చాలు కడుపులో తిప్పి వాంతులు చేసుకునే పిల్లవాడిగా ఎంత నామోషీ పడ్డానో నా ఈడు వాళ్లలో కొందరికైనా అర్థమవుతుంది. వేటకు పనికిరానని చదువుకి పంపారు. చదువు పూర్తయి ఊరికే తిరుగుతున్న రోజుల్లో, అప్పటికే కువైట్‌లో ఒక పడవకు సరంగుగా ఉన్న మా బావ, అంటే మా పెద్దక్క భర్త, తన యజమానితో "మా బావమరిది ఇంగ్లీషు చదువుతాడు, కాగితాల పనికి పనికొస్తాడు" అని చెప్పి నాకు వీసా తెప్పించాడు. ఆ యజమానిని, మా కఫీల్‌ని, అందరం బాబా అనే పిలిచేవాళ్లం. ఆయనకు మూడు పడవలు, వాటి మీద మా గోదావరి వాళ్లు తొమ్మిది మంది. వాళ్లు చందువా చేపల వేటకు వెళితే నేను కాగితాల వేటకు వెళ్లేవాణ్ణి.

నవ్వులాటకు అంటున్నాను గాని, అదేమీ చిన్న వేట కాదు. ఏటేటా లైసెన్సు తిరగరాయించాలి. పడవ పొడుగును బట్టి రుసుము, ఆ రుసుముకు స్టాంపులు కొని అంటించాలి. గడువు దాటితే జరిమానా. పడవకు రెండు వైపులా నంబరు కనబడేట్టు రాయించాలి, వల కన్ను ఇంతకు తగ్గకూడదు, చేప గుడ్లు పెట్టే కాలంలో వేట బందు. అన్నిటికంటే ముఖ్యం, మనుషుల ఇఖామాలన్నీ, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతులన్నీ, ఆ లైసెన్సుకే ముడిపడి ఉండేవి. లైసెన్సు పోతే పడవ పోయినట్టే, పడవ పోతే తొమ్మిది మందీ పోయినట్టే. సిటీలో ఆ ఆఫీసు కౌంటరు దగ్గర ఒక ఈజిప్టు గుమాస్తా ఉండేవాడు. స్టాంపు కాస్త వంకరగా అంటించినా వెనక్కి నెట్టేసి "బుక్రా" అనేవాడు, రేపు రమ్మని. ఆయన రేపుల కోసం నేను సిటీ బయటి సబ్హాన్ నుంచి బస్సుల్లో ఎన్నిసార్లు తిరిగానో.

సబ్హాన్‌లోనే మా వలల గోదాము. వెనక ఒక చిన్న గది, అందులో నా మంచం. బావ వాళ్లంతా రేవు దగ్గర ఒకే గదిలో కలిసి వండుకుని, తిట్టుకుని, నవ్వుకుని ఉండేవాళ్లు. నేను శుక్రవారం శుక్రవారం వెళ్లి వాళ్ల పులుసు తిని వచ్చేవాణ్ణి. మిగతా ఆరు రోజులూ నాకు వలలే తోడు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో, ఒక బుధవారం నాడు, మూడు లైసెన్సులూ తిరగరాయడానికి ఇచ్చి వచ్చాను. గుమాస్తా ఎప్పటిలాగే "బుక్రా" అన్నాడు. ఆ రేపు గురువారం. తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం సిటీలో ఉంది. బస్సు కోసం రోడ్డు మీదకు వచ్చిన నాకు బస్సుకు బదులు వరుసగా ట్యాంకులు కనిపించాయి. అంత భయంలోనూ నా మనసులో మొదట మెదిలింది అసలు కాగితాలు ఆ ఆఫీసులో ఉండిపోయాయే అన్నది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

వారం పైన గడిచాక ఒక మధ్యాహ్నం గోదాము ముందు కారు ఆగింది. పైన పరుపులు కట్టి, లోపల భార్యాబిడ్డలను కుక్కుకుని, ఆ ఈజిప్టు గుమాస్తా. దరఖాస్తులో ఉన్న చిరునామా పట్టుకుని, దారిలో ముగ్గురినో నలుగురినో అడుగుతూ వచ్చాడట. మూడు లైసెన్సులూ చేతిలో పెట్టాడు. ముద్రలు, స్టాంపులు, సంతకాలు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. నేను నోరు తెరిచేలోగా జేబులోంచి ఒక చీటీ తీశాడు.

"ఇక్కడ సంతకం పెట్టు. ముట్టినట్టు సంతకం లేకుండా ఇవ్వకూడదు."

పెట్టాను. చీటీ మడిచి జేబులో పెట్టుకుని "ఖలాస్" అని కారెక్కాడు. ఇన్నేళ్లూ నన్ను తిప్పిన మనిషి ఆయనేనా అని కారు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.

తరవాత బాబా వచ్చాడు. ఎప్పుడూ ఇస్త్రీ నలగని మనిషి, ఆ రోజు గడ్డం మాసి ఉంది. కుటుంబంతో దక్షిణపు సరిహద్దు దాటే ప్రయత్నంలో ఉన్నానని చెప్పి, లైసెన్సులు చూసి కళ్లకద్దుకున్నంత పని చేశాడు. "ఇవి నీ దగ్గరే ఉండనీ. ఎవరడిగినా ఇవ్వకు. పడవలు పోతే మళ్లీ చేయించుకోవచ్చు, ఇవి పోతే మళ్లీ పుట్టవు" అన్నాడు. కొత్త లైసెన్సులు దొరకడం గగనమైన రోజులవి. సరేనన్నాను. నన్ను ఒక మనిషి అంత నమ్మడం అదే మొదటిసారి, ఆ నమ్మకం నాకు కొంచెం తలకెక్కిందేమో కూడా.

ఆ తరవాతే కొత్త ఉత్తర్వు వచ్చింది. పాత లైసెన్సు తెచ్చి అప్పగిస్తే ఇరాక్ ముద్రతో వేరేది ఇస్తారని, అది ఉంటేనే పడవ కదలాలని రేవులో సైనికులు చెప్పారు. బావ, ఇంకో ఇద్దరు, అంత దూరం నడిచి సబ్హాన్ వచ్చారు. ఎండకు మొహాలు నల్లగా మాడి ఉన్నాయి.

"ఆ కాగితాలిటియ్యి. బియ్యం అయిపోయాయి. నాలుగు చేపలన్నా పట్టుకు తింటాం" అన్నాడు బావ.

"ఇవ్వను బావా. బాబాకి మాటిచ్చాను."

"ఎవడి ముద్రైతే మనకేంట్రా? తొమ్మిది మంది ఆకలితో ఉన్నారు. నువ్వా కాగితాలు ఒళ్లో ఎట్టుకుని కూకుంటే ఎవడి కడుపు నిండుద్ది?"

సముద్రంలో మందుపాతరలు వేశారట, అటు వెళితే ప్రాణాలకే మోసం అని నచ్చజెప్పబోయాను. అది నిజమే గాని, నేను ఇవ్వకపోవడానికి కారణం అది కాదని బావకు తెలుసు. చివరికి గొంతు తగ్గించి, "సరే, ఇవ్వకపోతే పోనీ. ఎల్లుండి బస్సులు బయల్దేరతన్నాయి, బాగ్దాద్ మీదుగా అమ్మాన్, అక్కణ్ణుంచి ఇమానం. నడువు, పోదాం" అన్నాడు. దారి పొడుగునా సంచులు వెతుకుతున్నారు, కాగితాలతో పట్టుబడిపోతానన్నాను.

"అయ్యి ఇక్కడ పారేసి రా."

నేను అడ్డంగా తలూపాను.

"నువ్వు మాటిచ్చింది ఆడికి. నిన్ను ఈ దేశం తెచ్చింది నేను. మీ అక్కకేం చెప్పనురా?"

ముగ్గురూ వెళ్లిపోయారు. రోడ్డు మలుపు దాకా చూశాను, బావ వెనక్కి తిరగలేదు.

ఆ తరవాతి నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బహుశా అదే వాటి బరువు. లైసెన్సులను ప్లాస్టిక్ కవరులో చుట్టి చిరుగుల వల మడతలో కుట్టేశాను. ఒకసారి సైనికులు వచ్చి నా ఫ్యాను, రేడియో పట్టుకుపోయారు గాని వలల జోలికి పోలేదు. ఫ్యాను పోయినందుకు కాదు, రేడియో పోయినందుకు ఏడ్చాను. పక్క వర్క్‌షాపు కాపలా ముసలాయన, పఠాన్, అప్పుడప్పుడు రొట్టె ఇచ్చేవాడు. ఆయన కూడా ఒకనాడు చెప్పకుండానే ఎటో వెళ్లిపోయాడు. రోజుల తరబడి మనిషి మాట వినక నా మాట నాకే కొత్తగా ఉండేది. అప్పుడు వల కుట్టు విప్పి, లైసెన్సుల వెనక ఉన్న తొమ్మిది పేర్లూ పైకి చదివేవాణ్ణి. అరబ్బీలో రాసిన మావాళ్ల పేర్లు వంకర్లు తిరిగి ఉండేవి. బావ పేరు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆగిపోయేది. మళ్లీ కుట్టేసేవాణ్ణి. అట్లా ఎన్నిసార్లు విప్పి కుట్టానో ఆ దారానికే తెలియాలి.

నూనె బావులు తగలబడి పట్టపగలే ఆకాశం నల్లబడిన రోజుల్లో యుద్ధం ముగిసింది. కొన్ని వారాలకు బాబా తిరిగి వచ్చాడు. మూడు పడవల్లో ఒకటి రేవులోనే కాలి మునిగింది, ఒకటి జాడ లేదు, మిగిలిన దానికి ఇంజను లేదు. కానీ ముద్ర చెక్కు చెదరని మూడు లైసెన్సులు చూసి ఆ పెద్దమనిషి నన్ను కౌగిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ కాగితాల మీదే మళ్లీ పడవలు కట్టాడు, ఆ పేర్ల మీదే మళ్లీ మావాళ్లకు వీసాలు పంపాడు. తొమ్మిది మందిలో ఏడుగురు వచ్చారు. బావ రాలేదు. నేను రాసిన మూడు ఉత్తరాలకు జవాబు కూడా రాలేదు. ఊళ్లోనే ఎవరి పడవ మీదో కూలికి వెళుతున్నాడని తెలిసింది.

నేను చాలా ఏళ్లు అక్కడే ఉండి, బాబా పోయాక ఇంటికి వచ్చేశాను. మా వీధిలోనే బావ. ఎదురైతే "బాగున్నావా" అనేవాడు, "బాగున్నాను బావా" అనేవాణ్ణి. పెళ్లిళ్లలో ఒకే పంక్తిలో కూర్చుని తిన్నాం. అంతకుమించి ఒక్క మాట లేదు. ఆయన నన్ను క్షమించలేదని నా నిశ్చయం.

నిరుడు బావ పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు అక్క నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆ ఏడు నేను లేకుండా బావ ఇంటికి వచ్చినప్పుడు, మావాడేడిరా అని మా అమ్మ వీధిలోకి వచ్చి గొడవ పెడితే, "నేనే ఉండమన్నాను. కాగితాలు ఒదిలేసొత్తే రేపు మా అందరి పనీ పోద్ది, అందుకని నేనే ఉంచేసొచ్చాను" అన్నాడట. నేను క్షేమమని తెలిసేదాకా అమ్మ ఆయన్ని అనని మాట లేదట, ఆయన ఇంటి గడప కూడా ఆవిడ తొక్కలేదట. మా బావ నోరెత్తలేదు. తొమ్మిది మంది ఆకలి కంటే కాగితాలు ఎక్కువయ్యాయి మీవాడికి అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. "నీకు చెప్పొద్దన్నారు. సిగ్గుపడతావని" అంది అక్క.

ఇప్పుడు కువైట్‌లో ఆ కౌంటరే లేదట, ఫోనులో నొక్కితే లైసెన్సు వచ్చేస్తుందట. మంచిదే, ఎవరూ ఎవరి కోసమూ ఎండలో తిరగనక్కర్లేదు. నాకు మాత్రం ఒక లెక్క తేలడం లేదు. నేను ఊరికి వచ్చాక బావ ఎన్నో ఏళ్లు ఉన్నాడు. మా గుమ్మానికీ ఆయన గుమ్మానికీ మధ్య నాలుగిళ్లు. ఏ సాయంత్రమైనా వెళ్లి, ఆయన పక్కన మంచం మీద కూర్చుని, బావా, నా మీద కోపమా అని అడిగి ఉండొచ్చు. అడగలేదు.