ఈ ఇల్లు ఏ శాఖది?

గనివాళ్ళ క్వార్టర్ల వరుసల్లో మా పక్క లైన్లో ఉండే ఆమె భర్త బంగారు గనిలో దిగి పనిచేసినవాడు. గని మూతపడింది, కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. ఆమెకు మిగిలింది కంపెనీ ఇచ్చిన ఒంటిగది క్వార్టరు. దానికి పట్టా లేదు. ఎప్పుడు ఖాళీ చేయమంటారోనని ఆమెకు దిగులు. అర్జీలు నేనే రాసిపెట్టేవాణ్ణి.

మొదటిది గని ఆఫీసుకే రాయమంది. ఆ ఆఫీసులో ఇప్పుడు కాపలాదారు తప్ప ఎవరూ లేరు.

"ఆడ ఎవరుండారక్కా?"

"నీళ్ళు, కరెంటు, ఆస్పత్రి, బడి, అన్నీ ఆణ్ణించే గదప్పా వచ్చినాయి! ఇంగ యాడికి రాయాల?"

నవ్వలేకపోయాను. గని లైన్లలో బతికినవాళ్ళకు ప్రభుత్వమంటే ఒకే గుమ్మం.

దానికి జవాబు రాలేదు. గని కేంద్ర ప్రభుత్వానిది గనక రెండోసారి ఇద్దరం పంతం పట్టి ఢిల్లీలో పేరు తెలిసిన ప్రతి మంత్రికీ ఒక కాపీ తయారుచేశాం. పోస్టు చేసే ముందు ఆమె కురుడుమలె పోయి వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. మూఢనమ్మకాల మీద వేదికలెక్కి పోట్లాడినవాణ్ణి, ఊరుకుంటానా? రాబర్ట్‌సన్‌పేట పోస్టాఫీసులోనే అడిగాను.

"రాతి బొమ్మ నీ పట్టా మీద సంతకం పెడతాదా అక్కా?"

"విఘ్నానికి ఈయప్ప, జబ్బుకు మారెమ్మ, చదువుకు ఇంగొకమ్మ. నీ ఢిల్లీలో మాత్రం? గనులకొకరు, ఇండ్లకొకరు, రైళ్ళకొకరు. నేను కాయ కొడితే తప్పు, నువ్వు కాయితం పెడితే ఒప్పా?"

వరుసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను కవర్లకు స్టాంపులు అంటించసాగాను.

చాలా శాఖల నుంచి "ఇది మా పరిధిలోది కాదు" అన్న కాగితం వచ్చాక గానీ బుద్ధి రాలేదు. ఏ దేవుడి పని ఏదో ఎవరూ రాసివ్వలేదు. ఏ మంత్రిత్వ శాఖ పని ఏదో మాత్రం అచ్చులో ఉంది. కంప్యూటర్ షాపులో కూర్చుని ఆ నియమాలు చదివాను. మంత్రిత్వ శాఖ, దాని కింద విభాగాలు, వాటి కింద సంస్థలు. మూసేసిన గని కూడా కాగితం మీద గనుల శాఖ కింద ఒక సంస్థగా బతికే ఉంది. మా క్వార్టర్లు దాని ఆస్తి. ఇళ్ళ శాఖకు మాతో సంబంధమే లేదు.

ఈ చదువు ముందే చదవాల్సింది. ఆమె మొక్కును నిలదీసిన నేను, నా అర్జీ ఎవరి బల్ల మీదకు పోతుందో చూసుకోలేదు. అందరికీ పంపితే ఎవరో ఒకరు కరుణిస్తారనుకోవడం మొక్కు కాక మరేమిటి?

మూడో అర్జీ ఒక్కరికే వెళ్ళింది. విషయం తమ పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. చదివి వినిపించాను.

"అయితే ఇల్లు నాదేనా?"

"ఇంకా లేదక్కా. ఎవర్ని అడగాలో తెలిసింది, అంతే."

"అట్లయితే ఇంగొకటి రాయప్పా. ఎన్నాళ్ళు చూస్తారో కూడా అడుగు."

తెల్లకాగితం తీశాను. ఈసారి పైన ఒక్క చిరునామాయే.