బీడీతో కొలిచిన తలుపు

నిజామాబాద్‌లో మా ఇంటి వెనక గల్లీలో కార్లకు సొట్టలు తీసే షెడ్డు ఒకటి ఉంది. పొద్దున పది దాటిందంటే అక్కడ పుట్టీ కలపడం మొదలుపెడతారు. ఆ ఘాటు వాసన, దాని వెంట తిన్నర్ వాసన, దాని వెంట రేకు మీద ఆకురాయి రాకే కరకర చప్పుడు మా వంటింటి కిటికీలోంచి వరుసగా లోపలికి వచ్చేస్తాయి. నేను లేచి కిటికీ మూసేస్తాను. ఆ వాసన నాకు పడదనుకొని మా ఆయన తలనొప్పి గోళీ తెచ్చిస్తాడు, నేను వేసుకుంటాను. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయనకు చెప్పని సంగతి ఇదొక్కటే. పదేళ్ల వయసులో ఆ వాసన మధ్యనే నేను మా అవ్వను పోగొట్టుకున్నాను, ఆ పోగొట్టుకోవడంలో నా చెయ్యి కూడా ఉంది.

మాది బోధన్. మా వైపు అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న. బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు, అవ్వ ఇంట్లో బీడీలు చుట్టేది, నేనొక్కదాన్నే పిల్లని. చలికాలం రాగానే ఊరు చెరుకు బండ్లతో నిండిపోయేది; ఫ్యాక్టరీ గేటు దగ్గరి నుంచి మా వాడ మలుపు దాకా బండ్లు నిలబడితే, మేము పిల్లలం వెనక నుంచి పోయి గడలు లాగి, బండివాడు కేకేసేలోపు ఉరికి, ఎవరిదో గోడెక్కి కూర్చొని పెదవుల మూలలు చీరుకుపోయేదాకా నమిలేవాళ్ళం. పొగగొట్టంలోంచి నల్లటి నుసి రాలి ఆరేసిన బట్టల మీద, ఎండబెట్టిన మిరపకాయల మీద, మా తలల మీద పడేది. చక్కెర తీశాక మిగిలే మడ్డి వాసన, తీపికీ కుళ్ళుకూ మధ్యలో ఉండే ఆ వాసన, తినే అన్నంలోకి కూడా వచ్చేది. కొత్త చుట్టాలు ముక్కు మూసుకుంటే మాకు నవ్వాగేది కాదు. సంతలో సగం మాటలు మరాఠీలో వినిపించేవి, అవ్వ వచ్చీరాని మరాఠీలో వెల్లుల్లి బేరమాడి, గెలిచిన మొహంతో ఇంటికొచ్చేది. బతుకమ్మ పండుగకు నువ్వులు, పల్లీలు వేయించి సత్తుపిండి కొట్టేది, రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసేది. ఆ బెల్లం కోటగిరి నుంచి, అవ్వ పుట్టింటి నుంచి వచ్చేది.

ఫ్యాక్టరీ ఆగి ఉండే నెలల్లో బాపు వాకిట్లో కారు కట్టేవాడు. కట్టేవాడనే అనాలి, ఎందుకంటే ఇల్లు కట్టినట్టే ఏళ్ల తరబడి కట్టాడు. తన చిన్నప్పుడు ఫ్యాక్టరీ పెద్దసారుకు ఒక కారుండేదట. గుండ్రటి మడ్‌గార్డులు, పొడుగాటి బోనెట్, కప్పకళ్ళ దీపాలు. అది ఎటు పోయిందో ఎవరికీ తెలియదు గాని దాని రూపం బాపు కళ్ళలో అట్లాగే ఉండిపోయింది. నిజామాబాద్ తుక్కు దుకాణంలో ఒక పాత జీపు అడుగు చట్రం, ఇంజను దొరికితే ఖాళీగా తిరిగొచ్చే చెరుకు లారీలో వేయించుకొని వచ్చాడు. ఆ చట్రం మీద ఒక్కొక్క రేకూ చేత్తో కొట్టి, ఇసుక సంచి మీద పెట్టి వంచి, ఆ పాత కారును మళ్ళీ పుట్టించడం మొదలుపెట్టాడు. పక్కింటి లచ్చవ్వ మా అవ్వను పట్టుకొని, "ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టున్నది నీ మొగని యవ్వారం" అని దెప్పేది. అవ్వ నవ్వి ఊరుకునేది. ఆమెకు ఆ కారంటే ఇష్టమని నాకు తెలుసు. పెళ్లయిన నాటి నుంచి కోటగిరికి బస్సులో నిలబడి పోవడమే తప్ప ఇంకోటి ఎరగదు. కారు అయిన రోజున మొదటి తిరుగుడు కోటగిరికే అని బాపు మాటిచ్చాడు.

"నీ పుట్టింటోల్లు వాకిట్లకొచ్చి సూడాలె. ముందల నువ్వు, ఎనక బిడ్డ" అనేవాడు.

"ముందుగాల తలుపులన్న పెట్టు, తొవ్వల జారి పడిపోత" అనేది అవ్వ.

తలుపుల దగ్గరే అసలు కథ ఉంది. రేకును వంచడం ఒక ఎత్తు, వంచిన రేకులను ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడం ఒక ఎత్తు. తలుపుకూ దాని చుట్టూ ఉన్న కారు ఒంటికీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒక్క తీరుగా ఉండాలి. పైన బిగుతై కింద వదులైతే తలుపు వేలాడుతున్నట్టు కనిపిస్తుంది, బిగుతుగా ఉన్న చోట రంగు లేచిపోతుంది. బస్టాండు దగ్గర సొట్టలు తీసే హుస్సేన్ చాచా శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి ఈ విద్య బాపుకు నేర్పేవాడు. తలుపు వేలాడితే దాన్ని ఒంటికి పట్టి ఉంచే కబ్జాల కింద వాషర్లు వేసి లేపాలి, అంచు తాకితే ఆకురాయితో రాకాలి. అయితే రాకడం ఆఖరి మందు, రాకిన ఇనుము మళ్ళీ రాదు అనేవాడు.

సందును కొలవడానికి బాపు వాడింది మాత్రం అవ్వ బీడీ. ఇనుప ముక్క దూరిస్తే కొత్తగా పూసిన ఎర్ర ప్రైమర్ గీసుకుపోతుంది. బీడీ మెత్తన, పైగా ఒక కొసన సన్నం, రెండో కొసన లావు. సన్న కొసను సందులో పెట్టి నెడితే దారం కట్టిన చోటి దాకా దిగాలి, అంతకు ఎక్కువ దిగితే వదులు, తక్కువ దిగితే బిగుతు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే అవ్వ చేతిలో వెయ్యో బీడీ మొదటి బీడీకి వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చేది. "మీ అవ్వ ఏళ్ళు ఫ్యాక్టరీల మిషిన్ల కన్న నయం" అని బాపు నాతో అనేవాడు, అవ్వ విననట్టే ఉండి వినేది. నాకు పదేళ్లు వచ్చిన ఎండాకాలం కుడి తలుపు మూడు వారాల్లో కుదిరింది. చాచా దాని అంచు చుట్టూ వేలు తిప్పి చూసి, బాపు భుజం తట్టాడు.

వానాకాలంలో అవ్వకు దగ్గు పట్టుకుంది. తంబాకు దుమ్ములో కూర్చునే ఆడవాళ్ళకు దగ్గు రావడం మా వాడలో వింత కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తరువాత వేళ్ళు వణకడం మొదలైంది. ఆకు చుట్టి మడత పెట్టబోతే విచ్చుకుపోయేది. మధ్యాహ్నానికే బీడీల చాట ఒళ్ళోంచి దించి గోడకు ఒరిగిపోయేది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అవ్వ బావి గట్టు మీద కొంగు ఉతుకుతోంది, ఆ నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. నన్ను చూసి దగ్గరకు పిలిచింది.

"బాపుకు జెప్పకు బిడ్డా. ఫ్యాక్టరీ మూస్తరని అందరు అంటుండ్రు. కారు అయితున్నదని గాయిన మొకం జర తేటగున్నది. ఒక్క తలుపే గద మిగిలింది. కోటగిరికి పోయొచ్చినంక దవాఖానల సూపెట్టుకుంట."

నేను తలూపాను. పదేళ్ల పిల్లకు అవ్వ చెప్పిందే శాస్త్రం. బీడీ కార్ఖానాకు రోజూ ఇచ్చే లెక్క తగ్గితే అందరికీ తెలిసిపోతుందని, బడి నుంచి రాగానే నేనే బీడీలు చుట్టడం మొదలుపెట్టాను. నావి లావుగా, వదులుగా వచ్చేవి. ఒకటి వేలంత ఉంటే ఇంకోటి పుల్లంత. అవ్వ తాను చుట్టిన కొద్దివాటిని కట్టకు పైవరుసలో పేర్చి, నావి లోపల దాచి కట్టేది. కట్టకు పనికిరాని నా బీడీలు చాటలో మిగిలిపోయేవి. బాపు వచ్చి చేతికందిన బీడీ తీసుకుపోయేది ఆ చాటలోంచే.

దసరా దాటాక ఆయన ఎడమ తలుపు ఎక్కించాడు. బీడీ దారం దాకా దిగలేదు. బిగుతనుకొని కబ్జాలు సర్దాడు, అయినా దిగలేదు, అంచు రాకాడు. మరునాడు ఇంకో బీడీ తెస్తే అది పూర్తిగా దిగిపోయింది, వాషర్లు తీసేశాడు. ఆ మరునాడు మళ్ళీ బిగుతు. చట్రమే మెలిక పడిందనుకొని తలుపు మొత్తం విప్పి, కబ్జాలు బిగించిన స్తంభాన్ని సుత్తెతో కొట్టి, మళ్ళీ ఎక్కించాడు. కంటికి సందు అడ్డదిడ్డంగా కనిపిస్తూనే ఉంది, ఆయన కన్నును నమ్మలేదు. "కన్ను మోసం జేస్తది, కొలత మోసం జెయ్యది" అన్నది ఫిట్టరుగా ఆయన వేదం. వాకిలంతా రాకిన ఇనుప పొడి, పుట్టీ, తిన్నర్ వాసన. "ఏందే గీ తలుపు, నా పానం తీస్తున్నది" అని ఆకురాయి విసిరికొట్టిన రోజున గడప లోపల అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని దగ్గు ఆపుకుంటోంది. నేను ఆమె ముందు కూర్చొని వీలైనంత వేగంగా బీడీలు చుడుతున్నాను. నేను ఎంత ఎక్కువ చుడితే తలుపు అంత ఆలస్యమవుతుందని, తలుపు ఎంత ఆలస్యమైతే దవాఖానా అంత దూరమవుతుందని నాకు తట్టలేదు. అవ్వకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఫ్యాక్టరీలో చెరుకు గానుగలు మొదలయ్యే ముందు ఒక శుక్రవారం చాచా వచ్చాడు. రెండు తలుపులూ దూరం నుంచి చూసి, దగ్గరికొచ్చి, ఎడమ సందులో గుచ్చి ఉన్న బీడీని పీకి కుడి సందులో పెట్టి నెట్టాడు. అది సన్న కొసనే ఇరుక్కుపోయింది. చాటలోంచి రెండు బీడీలు, కట్ట పైవరుసలోంచి రెండు బీడీలు తీసి అరచేతిలో పక్కపక్కన పెట్టి బాపుకు చూపించాడు.

"భాయ్, గివి ఒక్క చెయ్యి సుట్టినయి గావు."

బాపు వాటిని వేలితో దొర్లించి చూశాడు. "ఎవలు సుట్టిన్రు గివి?"

"నేనే బాపు" అన్నాను.

"రెండు నెల్ల పని ఖరాబ్ జేస్తివి గదనే!" ఆయన నోట్లోంచి మొదట వచ్చిన మాట అదే. చెయ్యి కూడా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగింది. "మరి మీ అవ్వ ఏం జేస్తున్నది?"

ఆయన లోపలికి పోయాడు. గోడవారన పడుకున్న అవ్వ లేవబోయి లేవలేకపోయింది. ఆమె ముంజేయి పట్టుకున్న బాపు వేళ్ళు దాని చుట్టూ తిరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కడం నేను చూశాను. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పళ్లెంలో తింటూ, రోజూ ఆమె చాటలోంచి బీడీ తీసుకుపోతూ, ఆ చేతిని ఆయన నాలుగు నెలలుగా చూడనే లేదు.

నిజామాబాద్ దవాఖానాకు బస్సులోనే తీసుకుపోయాం. రెండు సీట్లు పట్టి, నా ఒళ్ళో తల పెట్టుకొని అవ్వ పడుకుంది. టీబీ అన్నారు, ఊపిరితిత్తులు చాలా వరకు పోయాయన్నారు. గోళీలు మొదలుపెట్టారు గాని వాటిని ఓర్చుకునే సత్తువ కూడా ఆ ఒంట్లో మిగల్లేదు. "రెండు నెలల ముందు ఎందుకు తీసుకురాలేదు?" అని డాక్టరమ్మ అడిగితే బాపు నేల చూశాడు, నేను బాపును చూశాను. రెండు నెలలంటే ఎడమ తలుపే. శివరాత్రికి ముందే అవ్వ పోయింది. ఆమెను కడిగేటప్పుడు లచ్చవ్వ గోళ్ళ సందుల్లోని పొగాకు మరక పోవడం లేదని రుద్దీ రుద్దీ, చివరికి ఆ చేతులు పట్టుకొనే కూలబడి ఏడ్చింది.

బాపు ఆ తలుపు మళ్ళీ ముట్టుకోలేదు. కారు ఒక తలుపు కుదరకుండానే వాకిట్లో ఉండి వానకు తుప్పు పట్టింది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి, వాడ పిల్లలు స్టీరింగు తిప్పుతూ హైదరాబాద్, బొంబాయి పోయొచ్చారు. మేము బోధన్ విడిచినప్పుడు తుక్కువాళ్ళు గ్యాసు మంటతో కోసి ముక్కలుగా తీసుకుపోయారు. కుడి తలుపు కోసేటప్పుడు హుస్సేన్ చాచా అక్కడ నిలబడలేక వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ పొగగొట్టం మీద రావి మొలకలున్నాయి. చెరుకు తోటలు చాలావరకు వరి పొలాలయ్యాయి, బండ్ల వరుసలు లేవు, ఆ మడ్డి కంపు కూడా లేదు. ఒకప్పుడు ముక్కు మూసుకున్న చుట్టాలెవరైనా వస్తే ఇప్పుడు ఏ ఊళ్ళో దిగామా అనుకుంటారు. మా వాడలో బీడీ చాటలు కూడా చాలా ఇళ్లలో అటకెక్కాయి.

బాపు ఆఖరి రెండేళ్లు నా దగ్గరే ఉన్నాడు. అవ్వ ప్రస్తావన మా మధ్య ఎన్నడూ రాలేదు. వస్తే ఏమవుతుందో ఇద్దరికీ భయమే. పోయిన ఎండాకాలం, ఇక వారం రోజులే ఉంటాడనగా, ఒక మధ్యాహ్నం అంబలి తాగిస్తుంటే గ్లాసు పక్కకు నెట్టి నా మొహంలోకి చూశాడు.

"నా కారు కొరకే ఆగింది గదనే మీ అవ్వ?"

ముప్పై ఏళ్లుగా ఆ ప్రశ్న కోసం నేను ఒక జవాబు సిద్ధం చేసుకొనే ఉన్నాను.

"గాదు బాపు. ఆమెకు సూదులంటే భయముండె, గందుకే జెప్పలె."

ఆయన నన్ను చూశాడు. కొలత తప్పిన చోటు కనిపెట్టిన ఫిట్టరు చూపు అది. తరువాత నా చెయ్యి తన చేతిలోకి తీసుకొని, బీడీలు చుట్టిన ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా నిమిరాడు.

"అంతే అయ్యుంటది బిడ్డా" అన్నాడు. ఆయన నమ్మలేదు. నా కోసం నమ్మినట్టు చెప్పాడు, అంతే.